నలుపుకు మందెందుకు?



కాస్మెటిక్ అనే మాట మనం మొదట విన్నది బ్యూటీ పార్లర్లో కాదు, వార్డెన్ మేడం రిజిస్టరులో. సబ్బుకు, కొబ్బరినూనెకు ప్రభుత్వం ఇచ్చేవే కాస్మెటిక్ చార్జీలు. తెలంగాణలో 2024లో పెద్ద ఆడపిల్లలకు వీటిని నెలకు 75 రూపాయల నుంచి 275కు పెంచారు. ఆ డబ్బు శుభ్రంగా ఉండడానికి, తెల్లబడడానికి కాదు.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఇప్పుడు ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదువుతున్నాను. అమ్మ మిరప కోతలకు వెళ్తుంది. పోయిన వేసవిలో నన్ను చూడడానికి వచ్చినవాళ్లు నా చదువు గురించి ఒక్క మాట అడగలేదు. "పిల్ల రంగు తక్కువ" అని కట్నం ఇంకో లక్ష పెంచారు. చిన్నప్పుడు "నలుపు నారాయణుడు మెచ్చు" అని ఊరడించిన అమ్మమ్మే "ఏదన్నా క్రీము రాసుకోవే" అంది. అమ్మ మాత్రం ఆ సంబంధమే వద్దంది.

మా రూములో ఒక చెల్లి డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో క్రీము కొని రాసుకుంది. మొదట ముఖం తేటపడింది. మూడు నెలలకు ఎర్రగా కందిపోయి, మొటిమలు లేచి, ఎండలోకి వెళ్తే మంట. ట్యూబు మీద చూస్తే బీటామెథాసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. రోజూ ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది. ఇలాంటి క్రీములను చీటీ మీదే అమ్మాలని కేంద్రం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా ఉంటుంది. అది మెలనిన్ తయారు కాకుండా అడ్డుపడుతుంది, కిడ్నీలను పాడు చేస్తుంది. నిజానికి మెలనిన్ ఎండ నుంచి మనల్ని కాపాడే గొడుగు.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారింది గానీ పెళ్లిచూపుల్లో మాట మారలేదు.

నేను వైద్యానికి వ్యతిరేకిని కాను. 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ ఒక సంగతి అచ్చువేసింది. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కవస్జీకి టిప్పు సైనికులు ముక్కు కోశారు. పుణె దగ్గర ఒకాయన అతని నుదుటి చర్మంతో కొత్త ముక్కు చేశాడు. ఆ పనిమంతుడు ఇటుకలు చేసే కులంవాడట! ఇప్పటి ప్లాస్టిక్ సర్జరీకి దారి చూపిన వాటిలో అదొకటి. పోయిన ముక్కును తిరిగి ఇచ్చినవాడు వైద్యుడు. మరి నా రంగు ఎక్కడికీ పోలేదే, దానికి మందెందుకు?

చెల్లెళ్లారా, అలాంటి ట్యూబు మీ పెట్టెలో ఉంటే పేరు చదవండి. ఒక్కసారిగా మానేసినా ముఖం మండుతుంది కాబట్టి ప్రభుత్వాసుపత్రిలో చర్మ డాక్టరుకు చూపించండి.

తమ్ముళ్లూ, రేపు మీరూ పెళ్లిచూపులకు వెళ్తారు. మీవాళ్లు "పిల్ల నలుపు" అన్నప్పుడు తల వంచుకుని కూర్చోకండి. మనం హాస్టల్లో ఉండి చదువుకున్నది నోరు విప్పడానికే.