తీపినీరు పైనే

29 జనవరి, ఆదివారం

భీమిలి. సామాను ఇంకా మూటల్లోనే. మేడమీద రెండు గదులు, కిటికీ తెరిస్తే సముద్రం. ఇంటాయన కిటికీ చూపించినాడు. నేను ముందు కొళాయి తిప్పినా. అలవాటు. ధారగా వచ్చినాయి నీళ్ళు. పుక్కిట పట్టి చూస్తే ఉప్పు.

రాత్రికి కందిపప్పు పెట్టినా. ఎనిమిది విజిల్స్ అయినా పలుకు పలుకుగానే ఉంది.

అమ్మకు చెప్తే నవ్వింది. "అంత నీళ్ళ పక్కన ఉండి నీళ్ళకు కరువేందే తల్లీ?" నాయనకు ఇవ్వమన్నా. పడుకున్నాడంట. ఏడు గంటలకే?

2 ఫిబ్రవరి, గురువారం

రాత్రి రెండుకు మెలకువ. యాడనో బోరు బండి నడుస్తున్నట్టు మోత. ఆగడం లేదు. పక్కమీద లేచి కూచున్నా. చేన్లో ఏడో బోరు వేసిన రాత్రి ఇట్లనే. పైకి తెల్లపొడి తప్ప ఏమీ రావడం లేదు. నాయన టార్చి పట్టుకుని ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూస్తున్నాడు, తడి ఏమన్నా తగుల్తుందేమోనని. తొమ్మిది వందల అడుగులు. ఆయన ఇంకా దింపమన్నాడు. బండివాడు దింపలేదు.

కిటికీ దగ్గరికి పోతే తెలిసింది, సముద్రం.

రెండేళ్ళు. ఆ తర్వాత బ్యాంకులో అనంతపురం బదిలీ అడగొచ్చు. క్యాలెండర్లో జనవరి కొట్టేసినా.

12 ఫిబ్రవరి, ఆదివారం

డచ్చివాళ్ళ సమాధుల తోటకు పోయినా. సముద్రానికి దగ్గరే. మొనదేలిన కట్టడాలు, ఉప్పుగాలికి నల్లబడి, అక్కడక్కడ గచ్చు ఊడి. రాతి పలకల మీద చెక్కిన అక్షరాలు చదవలేకపోయినా. వేలితో తడిమి చూస్తే గరుకు.

బట్టల వ్యాపారానికి వచ్చినారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. కంపెనీ పోయింది, గిడ్డంగులు పోయినాయి, వీళ్ళు మాత్రం ఇక్కడే. వచ్చేటప్పుడు వీళ్ళు కూడా ఇన్నేళ్ళు అని లెక్క పెట్టుకుని వచ్చుంటారా? ఎవరో ఒకరు తాగే నీళ్ళ గురించి ఇంటికి జాబు రాసి ఉంటారా?

రెండు మేకలు నీడకు పడుకున్నాయి. నేను కూడా కాసేపు కూచున్నా.

26 ఫిబ్రవరి, ఆదివారం

ఎర్రమట్టి దిబ్బలు. ఆటో దిగుతూనే గుండె ఝల్లుమంది. మా చేను రంగు.

వంగి పిడికెడు తీసుకున్నా. మట్టి కాదు, ఇసుక. ప్రతి రేణువుకూ ఇనుము తుప్పు పొరలా పట్టిందంట, అందుకే ఆ ఎరుపు. సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉన్న కాలంలో బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోసింది. వేల ఏళ్ళ పని. ఇట్లాంటివి తమిళనాడులో, సింహళంలో తప్ప ఈ పక్క దేశాల్లో ఇంకెక్కడా లేవంటారు. వాన కోసిన లోయల్లోకి దిగితే గోడలు రెండాళ్ళ ఎత్తు, పైన జీడిమామిడి చెట్లు. అడుగున ఒక సన్నటి పాయ పారుతోంది. ఎండాకాలం ముంగిట్లో. ఆ పాయలో పారే నీళ్ళు ఈ ఇసుక ఎక్కడ దాచుకుంది?

ఆ ఎర్ర ఇసుక గోడల మీద పేర్లు గీకినారు. తుడవబోయినా, నా చెయ్యి ఇంకో గీత పెట్టింది. మానుకున్నా.

నాయనకు ఫోటో పంపినా. చూసినట్టు రెండు నీలం గీతలు పడినాయి. అంతే.

11 మార్చి, రెండో శనివారం

చేపలామె నెత్తళ్ళు తెచ్చింది. కడగబోతే ఆపింది. "ఆ నీరుతో కడక్కమ్మా, కూర పాడైపోద్ది." మెట్ల మీద కూలబడి చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ ఇంటోలు బోరు ఎన్నడుగులు దింపీసినారేటి? అంత లోతుకెల్తే ఉప్పే మరి. తీపినీరు పైనే ఉంటాది. మా గుంటలు చేత్తో తీసీగలరు."

సముద్రం పక్కనా అని అడిగినా.

"సముద్రం పక్కనే."

ఆమె పోయినాక కూడా అదే మాట. లోతుకు పోతే ఉప్పు. పైనే తీపి. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి విన్నది ఒకటే: ఇంకో వంద అడుగులు.

19 మార్చి, ఆదివారం

తొట్లకొండ. పొద్దున ఆరున్నరకే ఎక్కినా. దారంతా వేపపూత వాసన.

కొండమీద ఎవరూ లేరు. ఇటుక పునాదులు, భిక్షువుల గదుల గోడలు మోకాలెత్తున. ఒక్కో గదిలో ఒక్క మనిషి చాప పరుచుకుంటే అయిపోతుంది. తలుపు ఉండిన చోట నిలబడితే ఎదురుగా సముద్రం. రెండు వేల ఏళ్ళ కింద పొద్దున లేస్తూనే ఇది చూసినారు వాళ్ళు.

1976లో నౌకాదళం వాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే ఈ చోటు కనపడిందంట. 1988 నుంచి 1993 దాకా తవ్వినారు. శాతవాహనుల సీసం నాణేలు దొరికినాయి, రోము వెండి నాణేలు కూడా. రోము నుంచి ఇంత దూరం. ఓడ దిగినవాడు ఈ కొండ ఎందుకు ఎక్కినాడు? ఏం మొక్కుకున్నాడు? ఒడ్డు చేరినందుకా, మళ్ళీ ఇల్లు చేరాలనా?

పెద్ద స్తూపం దగ్గర చేత్తో తడిమి నిలబడినా. 2019 వానలకు ఇది ఒక పక్క కూలిపోయింది. అప్పుడు పేపర్లో ఫోటో చూసి పేజీ తిప్పేసినా, అదెక్కడో ఉన్న ఊరు కదా అని. ఈరోజు సిగ్గుగా అనిపించింది. మట్టి కింద అన్నేళ్ళు నిలిచింది, మనం పైకి తీసినాక నిలవలేదు. తీసినవాళ్ళకు కాపాడే బాధ్యత లేదా?

తొట్లు చివర్న చూసినా. చివర్న ఏమి, వాటి కోసమే ఆగినా చాలాసేపు. బండను దొలిచి చేసినవి. పేరే వాటితో వచ్చింది కొండకు. మాకు తొట్టి అంటే కుడితి తొట్టి. ఇక్కడ తొట్టి అంటే ఏడాది పొడుగునా ఒక సంఘం దాహం. వానాకాలం మూడు నెలలు భిక్షువులు తిరగకూడదు, ఒక్కచోటే ఉండాల. వర్షావాసం. పైన పడేది బండ మీద జారి తొట్టిలోకి. బావి తవ్వుకోవడానికి కొండ కింద చోటే లేదా? ఉంది. సముద్రం పక్కన కొండమీద, ఆకాశాన్ని నమ్మి కూచున్నారు.

నాయన ఎన్నడూ పైకి చూడలేదు. కిందికే చూసినాడు. ఆయనకు పైనుంచి ఏం పడింది గనుక చూడడానికి?

దిగేటప్పుడు కాళ్ళు వణికినాయి.

22 మార్చి, ఉగాది

సెలవు. పచ్చడి నా ఒక్కదానికే చేసుకున్నా. వేపపువ్వు ఆదివారం కొండ దారిలో ఏరుకొచ్చింది. అమ్మ ఫోన్లో పంచాంగం చెప్పింది, వానలు బాగున్నాయంట. ఏటా అదే చెప్తారు. వెనకనుంచి దగ్గు వినపడింది. దగ్గు మాత్రమే.

30 ఏప్రిల్, ఆదివారం

బ్యాంకులో తోటివాళ్ళ కారులో శాలిహుండం. వాళ్ళు కళింగపట్నం బీచికని బయల్దేరినారు, నేను కొండ దగ్గర దింపమన్నా. రెండు గంటల తర్వాత వచ్చి ఎక్కించుకున్నారు.

కింద వంశధార. ఎండకు ఇసుకే ఎక్కువ, ఒక పక్క నీలంగా పారుతోంది. కొంచెం ముందుకు పోతే సముద్రంలో కలుస్తుంది. పైన స్తూపాలు. ఒకదాని లోపల ఇటుకలు బండిచక్రం ఆకుల్లాగా పేర్చినారు. బయటికి కనపడని చోట అంత శ్రద్ధ. మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు. బుద్ధుడి పక్కకు అమ్మలు వచ్చి చేరిన కాలం. తార ముఖం సగం అరిగింది, అయినా చూపు దయగానే ఉంది.

ఈ చోటును 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులంట. బళ్ళో ఆయన గురించి చదివినప్పుడు వాడుకభాష అని మాత్రమే చెప్పినారు. సవరల మాట నేర్చుకున్నది, ఈ కొండను కనిపెట్టింది, జనం మాట్లాడేదే రాయండన్నది అంతా ఒకే మనిషి. ఎవరూ పట్టించుకోనిదాన్ని వంగి చూసే మనిషి. నేను ఈ నోట్‌బుక్‌లో "పోయినా, వచ్చినా" అని మావూరి మాటలే రాసుకుంటున్నా. ఎవరూ దిద్దరు.

రామమూర్తి పంతులు ఎండలో ఈ కొండ ఎక్కినాడు, యాభై ఆరేళ్ళ వయసులో. నాయనకు ఇప్పుడు అరవై రెండు. అరుగు దిగడు.

14 మే, ఆదివారం

తాగేనీళ్ళ క్యాను తెచ్చే అబ్బాయి మూడు రోజులుగా రాలేదు. చేపలామె పిలుచుకుపోయింది వాళ్ళ పేటకు.

మరబోట్లన్నీ లంగరేసి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట బందు. చేపలు గుడ్లు పెట్టే కాలం. మగవాళ్ళు తాటాకు పందిళ్ళ కింద వలలు అల్లుతున్నారు. ఎవరికీ తొందర లేదు.

ఇసుకలో చెలమ. అలల చప్పుడు వినపడేంత దగ్గర. మోచెయ్యి లోతు కూడా లేదు. ఆమె చిప్పతో తోడి పోసేసింది, మళ్ళీ ఊరేదాకా ఆగమంది. ఆగినాం. మెల్లగా, చెమట పట్టినట్టు, ఇసుక పక్కలనుంచి నీళ్ళు. దోసిట్లో పోసింది.

తీపి.

ఏడుపెందుకు వచ్చిందో తెలీదు. ఆమె ఏమీ అడగలేదు. "బిందె నింపుకోమ్మా" అంది. ఎంత తోడొచ్చో ఆమె చూపించింది. అంతకు మించి తోడితే అడుగు ఉప్పు పైకొస్తుందంట.

రాత్రి పప్పు మూడు విజిల్స్‌కే మెత్తగా ఉడికింది.

4 జూన్, ఆదివారం

పావురాళ్ళకొండ. ఊళ్ళో వాళ్ళకు నరసింహస్వామి కొండ. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళతో పాటు ఎక్కినా. గుడి దాటి పైకి వాళ్ళు రాలేదు.

బండలో తొలిచిన తొట్లు పదహారు. అన్నీ లెక్క పెట్టలేకపోయినా, పొదలు కమ్మేసినాయి. కొన్నిట్లో అడుగున బురద, ఒకదాంట్లో ప్లాస్టిక్ సీసాలు. చేతికి అందినవి తీసినా. కింద గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, గోధుమరంగు నీలంలోకి పోతూ. వాన ఇంకా రాలేదు. ఈ తొట్లు అన్నేళ్ళుగా ఇట్లే నోరు తెరుచుకుని ఉన్నాయి, అడిగేవాళ్ళు లేకున్నా.

ఇంటికి వచ్చి చూస్తే క్యాలెండర్లో మార్చి తర్వాత ఏమీ కొట్టేయలేదు.

25 జూన్, ఆదివారం

తెల్లారుజామున వాన. డాబా మీదికి పోయి గిన్నెలు, బకెట్లు, పప్పుడబ్బా మూత కూడా పెట్టినా. తడిసి ముద్ద. కిందింటామె తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకుంది.

ఏడు గంటలకు అమ్మకు ఫోను. అక్కడ చినుకు లేదంట. ఊరికే చెప్తూ పోయినా, తొట్లకొండ, రాయిలో తొట్లు, వాననీళ్ళు, సాములు. అమ్మ ఊఁ కొడుతోంది, స్పీకరు పెట్టి చాట చెరుగుతున్నట్టుంది. మధ్యలో గొంతు.

"ఎన్ని అడుగులు లోతు?"

నాకు మాట రాలేదు కాసేపు. తెలీదు నాయనా అన్నా.

"రాయినా అది? సుద్దనా?"

రాయే.

"రాయి అయితే ఇంకదు. కొలిచి చెప్పు."

అంతే. మళ్ళీ అమ్మ గొంతు, చాట చప్పుడు.

దర్జీ టేపు చాలదు. చేపలామెను గాలం దారం అడగాల. అడుగుకొక ముడి, చివర్న రాయి. వాన తెరిపిస్తే వచ్చే ఆదివారం. తెరిపి ఇవ్వకున్నా పోతా.