చనిపోవడంలో 'చను'

మైపాడులోనైనా కృష్ణపట్నంలోనైనా ఎవరన్నా పోతే 'చనిపోయినాడు' అంటాం. అందులోని 'చను'కి అసలర్థం చావు కాదు, వెళ్లడం. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి, భారతంలో 15 పర్వాలు రాసిన తిక్కన పద్యాల్లో అది తరచూ కనిపించే క్రియ. చనియె అంటే వెళ్లాడు, చనుదెంచె అంటే వచ్చాడు. ఇప్పుడు విడిగా ఎవరూ వాడరు.

ఇంగ్లీషులో 'వెండ్' కథా ఇదే. పాత ఇంగ్లీషులో మళ్లడం, తిప్పడం అని అర్థం. తర్వాత వెళ్లడం అయింది. దాని భూతకాల రూపం 'వెంట్'ని 'గో' తీసేసుకుంది. వెండ్ మరుగున పడింది, వెంట్ మాత్రం రోజూ పలుకుతున్నాం.

మన తీరపు ఊళ్లలో పెద్దవాళ్ల నోట ఇట్లాంటి పాత క్రియలు వింటే, ఊరి పేరుతో సహా రాసిపెట్టండి. వాళ్లున్నప్పుడే అడగండి.