శ్రీశైలం రోడ్డులో స్క్రీన్ హ్యాంగ్ అయితే..

హైదరాబాద్ నుంచి శ్రీశైలం 200 పైచిలుకు కిలోమీటర్లు. కల్వకుర్తి, డిండి దాటేదాకా మామూలు రోడ్డే. ఎఫ్‌ఎం స్టేషన్లు ఒక్కొక్కటిగా గరగరమంటూ మాయమవుతాయి. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర అసలు ప్రయాణం మొదలవుతుంది. అక్కడి నుంచి నల్లమల. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మధ్యలోంచి మన కారు పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. అడవిలో బండి ఆపి దిగొద్దు, హారన్ కొట్టొద్దు, కోతులకు తిండి పెట్టొద్దు, ప్లాస్టిక్ పారేయొద్దు.. రూల్స్ ఇవీ. ఫోన్ సిగ్నల్ మాత్రం చాలాచోట్ల ఉండదు.

మొన్న శీతాకాలంలో అమ్మానాన్నలతో వెళ్లాను. ఫర్హాబాద్ దాటిన కాసేపటికి కారు స్క్రీన్ బిగుసుకుపోయింది. మ్యాప్‌లో బాణం కదలట్లేదు. అది పర్లేదు, ఉన్నది ఒకటే రోడ్డు. అసలు చిక్కు పాటతో. నాన్న పెన్‌డ్రైవ్‌లోంచి పాత పాట ఒకటి గట్టిగా మోగుతోంది. వాల్యూమ్ తగ్గిద్దామంటే నాబ్ పనిచేయదు. స్టీరింగ్ మీద బటన్లూ అంతే. పెన్‌డ్రైవ్ పీకేస్తే పాట ఆగి, దాని బదులు ఖాళీ ఎఫ్‌ఎం హోరు మొదలైంది. అదీ అదే సౌండ్‌లో!

"ఆపెయ్‌రా దాన్ని, రోడ్డు పక్కన జింకలున్నాయి" అని నాన్న. ఆపాలంటే బండి ఆపాలి, బండేమో అక్కడ ఆపకూడదు. అద్దాలన్నీ ఎక్కించి, చెవులు మూసుకుని వటవర్లపల్లి ఊళ్లోకి వచ్చి పడ్డాం.

చెట్టు కింద బండి పెట్టి ఇంజిన్ ఆఫ్ చేసి, వెంటనే ఆన్ చేశా. మళ్లీ అదే బిగుసుకుపోయిన మ్యాప్, అదే హోరు. ఎందుకంటే కార్లో ఉన్నది పాతకాలం రేడియో కాదు, ఒక కంప్యూటర్. లోపల లైనక్సో, ఆండ్రాయిడో నడుస్తుంటుంది. తాళం తిప్పగానే చాలా కార్లలో అది పూర్తిగా ఆరిపోదు, నిద్రపోతుంది. ల్యాప్‌టాప్ మూత వేసి తెరిచినట్టే. హ్యాంగ్ అయినది హ్యాంగ్ అయినట్టే లేస్తుంది.

దానికి కావాల్సింది రీబూట్. పవర్ బటన్‌ని, మా కారులో అయితే వాల్యూమ్ నాబ్‌నే, వేలితో నొక్కి పట్టుకున్నా. పది సెకన్లు.. పదిహేను.. స్క్రీన్ నల్లబడింది, హోరు తెగిపోయింది, కంపెనీ లోగో వచ్చింది. అమ్మ "హమ్మయ్య" అంది.

ఇవి గుర్తుపెట్టుకోండి:

మొదట బండి ఆపండి. నడుపుతూ స్క్రీన్‌తో కుస్తీ వద్దు. మామూలుగా ఇంజిన్‌కీ, బ్రేకులకీ వేరే కంప్యూటర్లు ఉంటాయి కాబట్టి స్క్రీన్ పోయినా బండి నడుస్తుంది. రివర్స్ కెమెరా ఉండదు కాబట్టి వెనక్కి తీసేటప్పుడు అద్దాలు చూసుకోండి.

పవర్ బటన్ లాంగ్ ప్రెస్ చేయండి. కొన్ని కార్లలో రెండు బటన్లు కలిపి నొక్కాలి, మాన్యువల్‌లో ఉంటుంది. దీనివల్ల మీ సెట్టింగ్స్ ఏవీ మామూలుగా పోవు.

కుదరకపోతే ఇంజిన్ ఆఫ్ చేసి, డోర్ తెరిచి, దిగి, లాక్ చేసి, పది నిమిషాలు వదిలేయండి. అప్పుడు కొన్ని కార్లలో అది పూర్తిగా ఆరిపోతుంది.

తర్వాతిది ఆడియో ఫ్యూజ్ తీసి పెట్టడం. ఏ ఫ్యూజో మాన్యువల్ చూశాకే. బ్యాటరీ వైరు పీకడం ఆఖరి మాట. గడియారం టైమ్ పోతుంది, కొన్ని పాత రేడియోలు మళ్లీ కోడ్ అడుగుతాయి.

ఫ్యాక్టరీ రీసెట్ వేరే సంగతి. ఫోన్ పేర్లు, కాంటాక్టులు, సేవ్ చేసిన ఇంటి అడ్రస్ అన్నీ చెరిగిపోతాయి. కారు అమ్మేటప్పుడు మాత్రం మర్చిపోకుండా చేయాల్సింది ఇదే.

రీసెట్‌తో అన్నీ బాగుపడవు కూడా. 2022 జనవరిలో, మనవాళ్లు బోలెడుమంది ఉండే సియాటిల్‌లో, కొన్ని 2014-17 మోడల్ మాజ్దా కార్ల స్క్రీన్లు ఆగకుండా రీబూట్ అవుతూ పోయాయి. రేడియో 94.9 దగ్గరే ఇరుక్కుంది. ఆ స్టేషన్ పంపిన బొమ్మల ఫైళ్లకి ఎక్స్‌టెన్షన్ లేదు. అది చూసి సాఫ్ట్‌వేర్ తికమకపడింది. చివరికి పార్టే మార్చాల్సి వచ్చింది. కోడ్ రాసేవాళ్లం నవ్వుకోలేని జోకు ఇది.

వటవర్లపల్లి నుంచి స్క్రీన్ పనిచేస్తున్నా పాట పెట్టలేదు. అద్దాలు దించాం. ఎండుటాకుల మీద ఏదో పరిగెత్తిన చప్పుడు, ఎక్కడో నెమలి. నాన్న కిలోమీటరు రాళ్లు చదువుతూ, తను పెళ్లికి ముందు బస్సులో ఈ దారిన వచ్చిన కథ చెప్పాడు. అమ్మకే తెలియదట ఆ కథ! దోమలపెంట, ఈగలపెంట, ఘాట్ మలుపులు, కింద కృష్ణ.. డ్యామ్ కనిపించేదాకా అలాగే వెళ్లాం.

మీరు వెళ్తే మన్ననూర్‌లోనే ఆఫ్‌లైన్ మ్యాప్ ఉందో లేదో చూసుకోండి, సాయంత్రం గేటు టైమ్ లెక్కేసుకుని బయల్దేరండి. అడవి దాటేదాకా స్క్రీన్ బాగానే ఉన్నా, పాట కట్టేయండి.