గోడ దిగి పాడే వాద్యాలు

మ్యూజియం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఓ బోర్డు... 'దయచేసి ముట్టుకోరాదు' అని. అద్దాల బీరువాలో వీణ ఉంటుంది. పక్కనే దాని పేరూ, వయసూ రాసిన చీటీ ఉంటుంది. పాట మాత్రం ఉండదు. తజికిస్థాన్ రాజధాని దుషన్‌బేలో ఓ నటుడు సొంతంగా పెట్టిన వాద్యాల మ్యూజియం అలాంటిది కాదు. అక్కడికి ఓ అతిథి వచ్చాడంటే గోడమీది రుబాబ్ కిందికి దిగేది, పాట వినిపించేది!

తజికిస్థాన్‌లో తొంభై శాతానికి పైగా కొండలే. జనం సుమారు కోటి. మాట్లాడేది పారశీకమే అయినా రాసేది రష్యన్ అక్షరాల్లో. దుషన్‌బే అంటే వాళ్ల భాషలో సోమవారం. ఒకప్పుడు అక్కడ సోమవారం సంత జరిగేది. ఆ సంత ఊరే సోవియట్ రోజుల్లో నగరమైంది. పెద్ద చెట్ల నీడలో సాగే రుదాకీ వీధి, దూరంగా మంచు కొండలు... ఈ నగరంలోనే 1990లో ఆ మ్యూజియం తలుపులు తెరుచుకున్నాయి.

నటుడి ఇష్టం... ఊరి ఆస్తి

దాన్ని పెట్టింది గుర్మింజ్ జవ్‌కిబెకోవ్. 1929లో పుట్టారు. నాటకాల్లోనూ సినిమాల్లోనూ పేరు తెచ్చుకున్న నటుడు, సంగీతమంటే ప్రాణం. సొంతూరు పామీర్ పర్వతాల్లోని బదక్షాన్ ప్రాంతం. కనిపించిన వాద్యాన్నల్లా సేకరించడం ఆయనకు అలవాటు. అలా పోగైనవాటితోనే మ్యూజియం తయారైంది. రుబాబ్‌లూ, తంబూర్‌లూ, దాఫ్‌లూ గోడల నిండా కొలువుతీరాయి.

రెండేళ్లు తిరక్కుండానే దేశం అంతర్యుద్ధంలో పడింది. 1992 నుంచి 1997 వరకూ సాగిన ఆ పోరులో వేలమంది చనిపోయారు, లక్షలమంది ఇళ్లు వదిలి పారిపోయారు. కరెంటూ రొట్టే కరవైన రోజులవి. పామీరీలకు రాజధానిలో మరీ గడ్డుకాలం. అలాంటప్పుడు పాత తంతివాద్యాల గురించి ఎవరు ఆలోచిస్తారు? అయినా యుద్ధం ముగిశాక చూస్తే గుర్మింజ్ వాద్యాలు మిగిలే ఉన్నాయి. 2003లో ఆయన కన్నుమూశాక కొడుకు ఇక్బాల్ ఆ బాధ్యత తలకెత్తుకున్నారు. ఆయనా వాద్యకారుడే. పామీర్ బాణీలకు రాక్ సంగీతాన్ని జోడించిన 'షమ్స్' బృందంలో వాయించేవారు. 2000ల్లో దుషన్‌బే వెళ్లిన యాత్రికులకు ఆ మ్యూజియంలో సాయంత్రపు కచేరీలు ఓ తీపి గుర్తు.

నూనె డబ్బా ఫిడేలు

ఇంతకీ ఆ వాద్యాల్లో అంత విశేషం ఏముంది? పామీర్ రుబాబ్‌నే తీసుకోండి. మల్బరీ లేదా నేరేడు పండు రంగు తిరిగిన పాత కలప ఏదైనా కాదు, ఎక్కువగా మల్బరీ, ఆప్రికాట్ దుంగలే దీనికి వాడతారు. ఒకే దుంగను తొలిచి కడుపూ మెడా మలుస్తారు. కడుపుమీద తోలు బిగిస్తారు. ఒకప్పుడు పేగు తీగలు కట్టేవాళ్లు. ఇప్పుడు నైలాన్ వచ్చింది. గొంతు మాత్రం మారలేదు... కాస్త బొంగురుగా, కొండ గాలిలా ఉంటుంది.

దుతార్ అంటే రెండు తీగలది. సెతార్ అంటే మూడు తీగలది. మన సితార్ పేరు వెనక ఉన్నదీ ఆ మాటే. తంబూర్ అనగానే మన తంబురా తలపుకొస్తుంది. అయితే మన తంబురా శ్రుతికి మాత్రమే పరిమితం, వాళ్ల తంబూర్ పాటంతా తానే నడిపిస్తుంది. దోయ్రా అనే చర్మవాద్యం చట్రానికి లోపలివైపు చిన్న ఇనుప రింగులుంటాయి. కొట్టినప్పుడల్లా అవీ గలగలమంటాయి.

అన్నిట్లోకీ ముచ్చటైనది గిజ్జక్. నిలబెట్టి కమానుతో వాయించే ఫిడేలు ఇది. పామీర్ పల్లెల్లో దాని కడుపు చాలాసార్లు ఓ రేకు డబ్బానే! కలప దొరకని చోట ఖాళీ డబ్బా పారేయకుండా దానికి కర్ర బిగించి, తీగలు కట్టి పాటకు పనికొచ్చేలా చేశారు. పేదరికం పాటను ఆపలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

కొండపాట, కోటపాట

తజిక్ సంగీతానికి రెండు పాయలున్నాయి. ఒకటి కొండలది. దాని పేరు ఫలక్. ఆ మాటకు ఆకాశమనీ, విధి అనీ అర్థం. ఎడబాటు, తల్లి, పోయినవాళ్లు, పరాయి దేశంలో ఉన్నవాళ్లు... ఇవే దాని సంగతులు. పెద్ద మేళం అక్కర్లేదు, ఒక గొంతు చాలు. 2021లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ సంపదగా గుర్తించింది.

రెండోది బుఖారా, సమర్‌ఖండ్‌లలో పెరిగిన షష్‌మఖామ్. షష్ అంటే ఆరు. మన 'షట్'కు చుట్టమే. బుజుర్గ్, రాస్త్, నవా, దుగాహ్, సెగాహ్, ఇరాక్... ఇవీ ఆ ఆరు మఖామ్‌లు. ఒక్కో మఖామ్‌లో వాద్యభాగం, గానభాగం వేరువేరుగా ఉంటాయి. సోవియట్ కాలంలో రాజదర్బారు సంగీతమంటూ దీన్ని చిన్నచూపు చూసిన రోజులూ ఉన్నాయి. అయినా దుషన్‌బేలో ముగ్గురు విద్వాంసులు గురువుల గొంతులో ఉన్నదంతా స్వరలిపిలోకి ఎక్కించారు. 1950 నుంచి 1967 వరకూ అయిదు సంపుటాలు అచ్చయ్యాయి. ఉజ్బెకిస్థాన్, తజికిస్థాన్‌ల ఉమ్మడి సంపదగా 2003లో యునెస్కో దీనికి పట్టం కట్టింది.

ఈ పాటల్లో మనవాడూ ఒకరున్నారు. పాట్నాలో పుట్టి, 1720లో ఢిల్లీలో కన్నుమూసిన పారశీక కవి బేదిల్. సొంతగడ్డమీద ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువే కానీ తజిక్‌లు నేటికీ ఆయన కవితల్ని తలమీద పెట్టుకుంటారు!

గురువు ఎదుట కూర్చుంటేనే

పుస్తకంలో స్వరాలుంటే సరిపోతుందా? చాలదన్నది విద్వాంసుడు అబ్దువలీ అబ్దురషీదోవ్ నమ్మకం. అందుకే ఆగాఖాన్ సంస్థ అండతో దుషన్‌బేలో మఖామ్ అకాడమీని నడిపారు. అక్కడి పద్ధతి పేరు ఉస్తోద్-షాగిర్ద్. అంటే గురువూ శిష్యుడూ. ఎదురెదురుగా కూర్చుని విని నేర్చుకోవడమే. పాట ఒక్కటే కాదు, కవితల ఛందస్సూ, సూఫీ తత్వమూ, చరిత్రా చదవాల్సిందే. అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి నేర్చుకున్న ఆ అకాడమీ బృందం పాడిన ఆల్బమ్‌ను అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ విడుదల చేసింది. అది గ్రామీ పురస్కారానికి నామినేట్ అయింది కూడా.

మ్యూజియం చేసిందీ, అకాడమీ చేసిందీ నిజానికి ఒకే పని... వాద్యాన్ని మరో చేతికి అందించడం. ఆ చేతులే ఇప్పుడు తక్కువ. తజికిస్థాన్ నుంచి లక్షలమంది కుర్రాళ్లు పని కోసం రష్యా వెళ్తారు. కట్టడాల దగ్గర ఇటుకలు మోసి ఇంటికి డబ్బు పంపుతారు. ఊళ్లో తాత పాడే ఫలక్ వినాల్సిన వయసు అక్కడే గడిచిపోతుంది. గల్ఫ్‌కు కొడుకుల్ని పంపిన కరీంనగర్, కడప జిల్లాల పల్లెలకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

చిత్రమేమంటే, ఫలక్ పుట్టిందే ఆ ఎడబాటు కోసం. ఇల్లు వదిలినవాడి దిగులుకు అంతకంటే సరైన పాట లేదు. కావాల్సిందల్లా సెలవుల్లో ఇంటికొచ్చిన కుర్రాడు గోడమీది రుబాబ్ అందుకుంటే, 'ఇలా కాదు, ఇదిగో ఇలా' అని వేళ్లు సరిచేసే పెద్దాయన ఒకరు పక్కన ఉండటమే.