పాత నంబరు, కొత్త నంబరు

"అమెరికాలో నువ్వు చేసే పనేమిట్రా?" అని మా నాన్నగారు అడిగినప్పుడల్లా "కంప్యూటర్లు నాన్నా" అని తప్పించుకునేవాణ్ణి. మీలో చాలామంది చేసే పనే. 2009 వేసవిలో ఆయనా అమ్మా మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం తప్పలేదు. నేను నాలుగేళ్ళు రాసిన కోడును ఇక పక్కన పెట్టేస్తున్నామని ఆఫీసులో ఆ వారమే చెప్పారు. నా మొహం చూసి ఆయన వదల్లేదు.

నాన్నగారు కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్నంలో పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యారు. అందుకని ఆయన భాషలోనే మొదలుపెట్టాను. ఒక్క కంప్యూటర్‌లో పది కంప్యూటర్లున్నట్టు నడిపించడం మా పని. పదింటిలో ప్రతిదీ మెమరీ అంతా తనదే అనుకుంటుంది. అది తన ప్రోగ్రాములకి ఇచ్చే నంబర్లు మన ఊళ్ళో పాత డోర్ నంబర్ల లాంటివి. అసలు ఇల్లు దొరకాలంటే కొత్త నంబరు కావాలి.

"పేరు నుంచి పాత నంబరుకి ఒక పుస్తకం, అది వాళ్ళ దగ్గరుంటుంది. పాత నంబరు నుంచి కొత్త నంబరుకి ఇంకోటి, అది మా దగ్గరుంటుంది. ప్రాసెసర్ అనే పోస్ట్‌మాన్‌కి ఒక్క పుస్తకం చూడటమే వచ్చు. అందుకని రెండూ కలిపి మూడో పుస్తకం నేను రాసిస్తాను."

"మరి వాళ్ళు తమ పుస్తకంలో దిద్దుకుంటేనో?"

ఎంత సూటిగా పట్టుకున్నారో చూడండి! నా నాలుగేళ్ళూ అక్కడే పోయాయి. వాళ్ళ పుస్తకంలో రాయడానికి వీల్లేకుండా తాళం వేస్తాం. రాయబోతే ప్రాసెసర్ వాళ్ళ పని ఆపి మమ్మల్ని పిలుస్తుంది. మేం రెండుచోట్లా దిద్ది మళ్ళీ నడిపిస్తాం. ప్రోగ్రాములు క్షణక్షణం పుట్టి పోయే చోట ఈ పిలుపులకి అంతుండదు. ఒక్క అంకె తప్పితే ఒకరి మెమరీ ఇంకొకరికి కనిపిస్తుంది. దీన్నే షాడో పేజీ టేబుల్ అంటారు.

2007లో ఏఎండీ బార్సిలోనా, 2008 చివర్లో ఇంటెల్ నెహాలెమ్ వచ్చాయి. వాటిలో రెండు పుస్తకాలూ ప్రాసెసరే చూసుకుంటుంది. మూడోది అక్కర్లేదు.

నేను ఊరుకోలేదు. మామూలుగా ఒక చిరునామా వెతకడానికి మెమరీని 4 సార్లు చూస్తే చాలు. రెండు పుస్తకాలైతే 24 సార్ల దాకా చూడాల్సి రావచ్చు. మెమరీలో అడ్డదిడ్డంగా తిరిగే ప్రోగ్రామొకటి పట్టుకుని, నా పద్ధతే వేగమని రుజువు చేసి మేనేజరుకి చూపించాను. ఆయన ఓపిగ్గా చూసి, మిగతా పరీక్షల కాగితం నా ముందు పెట్టాడు. 4 కేబీ పేజీలకి బదులు 2 ఎంబీవి వాడేసరికి ఆ ఒక్క గెలుపూ దాదాపు చెరిగిపోయింది.

నాన్నగారు ఇదంతా విని, "ఉత్తరం ఎప్పుడైనా తప్పింటికి వెళ్ళిందా?" అన్నారు.

"ఒకసారి. బయటికి పంపకముందే పట్టుకున్నాం."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "నావి మూడు వెళ్ళాయి. అందులో ఒకటి ఎవరో కుర్రాడి ఇంటర్వ్యూ కార్డు" అని, వీధి పేరూ డోర్ నంబరూ చెప్పారు, పాతదీ కొత్తదీ కూడా. ఆ సంగతి అమ్మకి కూడా తెలియదట.