నారి ఎక్కించే ముందు

మాఘమాసంలో ఒక ఆదివారం మా మేనల్లుడు తాడేపల్లిగూడెంలో నా అద్దె గదికి వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సంచిలోంచి గుడ్డలో చుట్టిన పొట్లం తీసి మంచం మీద పెట్టాడు. విప్పి చూస్తే ఆరు ఇనుప ములుకులు. కమ్మరి దగ్గర కొత్తగా కొట్టించినవి, ఇంకా నల్లగా ఉన్నాయి.

"మామా, ఈసారి భూమి పండక్కి ఉత్త చేతులతో కొండ దిగకూడదని అనుకున్నాం. నలుగురం ఉన్నాం. దుప్పిని కొట్టుకొస్తాం. విల్లు నువ్వు చేసిపెట్టాలి" అన్నాడు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. దుప్పిని కొడితే ఏమవుతుందో తెలిసినవాణ్ణి. వద్దు అని ఒక్క మాట అనేయొచ్చు. కానీ వాడు అడిగినవి రెండు, దుప్పి ఒకటి, విల్లు ఒకటి. దుప్పి వద్దని కసిరితే విల్లు కూడా పోతుంది. మా ఊళ్లో విల్లు చేయడం వచ్చినవాళ్లం ఇద్దరమే మిగిలాం. ఒకరు మా చినతాత. రెండోవాణ్ణి నేను, అదీ సగం నేర్చుకున్నవాణ్ణి.

"శివరాత్రి మర్నాడు అమావాస్య. ఊళ్లో ఉండు, వెదురుకు పోదాం" అన్నాను. ములుకులు మళ్లీ గుడ్డలో చుట్టి వాడికే ఇచ్చాను.

గూడెంలో బస్సెక్కితే నల్లజర్ల, జంగారెడ్డిగూడెం, ఆ తర్వాత బుట్టాయగూడెం. వరిచేలు పోయి పామాయిల్ తోటలు, అవి పోయి జీడిమామిడి తోటలు, ఆ తర్వాత మా కొండలు. శివరాత్రికి పట్టిసీమ తిరనాళ్లకు పోయే జనంతో ఆ రోజు బస్సులో నిలబడే చోటు లేదు. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన దారే అయినా, ఆ రోజు వాడికి ఏం చెప్పాలో దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

మన పిల్లల్లో హాస్టళ్లలోనే పెరిగి భూమి పండుగ సరిగా చూడనివాళ్లు ఉన్నారు కాబట్టి రెండు మాటలు చెబుతాను. ఎండలు ముదిరి, తొలకరి ఇంకా పడకముందు, విత్తనం భూమిలో వేసే ముందు మా కోయ ఊళ్లలో చేసే పండుగ ఇది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని కొండకు పోతారు. ఆడవాళ్లు ఊరి ముందు దారికి అడ్డంగా కర్ర పట్టి, వచ్చేపోయేవాళ్లను ఆపి, రేల పాటలు పాడి పండుగ డబ్బులు అడుగుతారు. వేట దొరికితే ఆ నెత్తురు విత్తనాలకు తాకించి, మాంసం ఇంటింటికీ వాటా వేసేవారు. మగదిక్కు లేని ఇంటికి కూడా వాటా తప్పదు. ఏమీ దొరక్కుండా దిగివచ్చిన మగాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసేవారు. మా ఊళ్లో చాలా ఏళ్లుగా నెత్తురు కోడిది. పేడనీళ్లు మాత్రం ఇప్పటికీ నిజమైనవే. మా మేనల్లుడి పంతం వెనక పోయినేడు వాడి మీద పడ్డ ఆ పేడనీళ్లు ఉన్నాయని నాకు తెలుసు.

చినతాత మా ఇద్దరినీ కొండమీద సాధన వెదురు పొద దగ్గరకు తీసుకుపోయాడు. ఇది లోపల గుల్ల తక్కువగా ఉండే గట్టి వెదురు. "మూడు వానలు తిన్న గడ కావాలి" అన్నాడు. లేత గడ మీద బూడిదలాంటి పొడి ఉంటుంది, కణుపుల దగ్గర పొరలు ఇంకా అంటుకుని ఉంటాయి. ముదురు గడను కత్తి వెనకవైపుతో కొడితే గంట మీద కొట్టినట్టు గట్టిగా పలుకుతుంది. మొదటి కణుపు పైన కోయాలి, మొదలు పెకలించకూడదు, పక్కన లేస్తున్న పిలకలను తొక్కకూడదు. చలి రోజుల్లో, అమావాస్య ముందు వెనకలే ఎందుకు కోయాలని మేనల్లుడు అడిగాడు. "పురుగు పట్టదు" అని తాత అన్నాడు. వానల్లో వెదురు పిలకలు పెంచుకునే హడావుడిలో ఉంటుంది. చలికాలానికి ఆ హడావుడి తగ్గి, పురుగు ఆశపడే పిండిపదార్థం గడలో తక్కువగా ఉంటుంది. అమావాస్య సంగతి నేను తేల్చలేను కానీ చలికాలం సంగతికి సైన్సులోనూ కారణం ఉందని వాడికి చెప్పాను.

గడను చీల్చి ఐదు బద్దలు తీసి పొయ్యి మీద అటకలో పెట్టాం. రెండు నెలలకు పైగా పొగకు ఆరాయి.

ఆ రెండు నెలల్లో బడిలో నాతో పనిచేసే మాస్టారితో ఈ మాట కదిలింది. ఆయనది కొల్లేరు లంక గ్రామం. వాళ్ల తాతలు వెదురుతో మావులు అల్లి చేపలు పట్టినవాళ్లు, వలలు పన్ని పిట్టల్నీ పట్టినవాళ్లు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. "పిట్ట జోలికి పోకూడదన్నప్పుడు మా నాన్న తిట్టుకున్నాడు. ఇప్పుడు ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూడ్డానికి మనవణ్ణి ఆయనే తీసుకెళ్తాడు. కానీ మావు అల్లడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాదు మాస్టారూ, ఆయనతోనే పోతుంది" అన్నారాయన. ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. పిట్టను వదలడంతో పాటు అల్లికనూ వదిలేశారు. వదలమని అల్లిక గురించి ఎవరూ అడగలేదు.

మన సంగతీ అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని, కణితిని వేటాడితే నేరం, జైలు శిక్ష ఉంటుంది. పాపికొండల అడవి 2008 నుంచి జాతీయ పార్కు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు చాలా ఇచ్చింది. వెదురుతో సహా చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది, సంప్రదాయ హక్కులను ఒప్పుకుంది. కానీ ఆ జాబితాలోనే వేటను మినహాయించింది. అంటే వెదురు గడ మీద మనకు హక్కు ఉంది, దుప్పి మీద లేదు. విల్లు చేయడాన్ని ఏ చట్టమూ ఆపలేదు. అది మన చేతుల్లోంచి జారిపోతే ఆ తప్పు మనదే.

వేసవి సెలవులు ఇవ్వగానే ఊరు చేరాను. మా అరుగు మీద పని మొదలైంది. చినతాత, నేను, మేనల్లుడు. వాడి నాన్న, అంటే మా బావ, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

విల్లు పొడుగు పట్టేవాడి గడ్డం వరకు ఉండాలి. వెదురు పైచర్మం గురివైపు, లోపలి భాగం మనవైపు. చర్మం వైపు నారలు సాగుడుకు తట్టుకుంటాయి, అందుకే అటు కత్తి తగలనివ్వకూడదు. చెక్కేదంతా లోపలివైపే. నడుమ పిడికిలి పట్టే చోట మందం ఉంచి, రెండు కొసలకూ సన్నబరచాలి. ముందు కత్తి, తర్వాత గాజు పెంకు. నాలుగు గీతలు గీకగానే వంచి చూడాలి. తాత బద్దను గోడ మేకుకు తగిలించి, తాడు కట్టి కొంచెం లాగి, దూరంగా నిలబడి చూడమన్నాడు. రెండు చేతులూ ఒకేలా వంగుతున్నాయా? ఒకటి బిగుసుకుపోతే దాన్నే ఇంకొంచెం గీకాలి. ఎక్కువ గీకితే మళ్లీ అంటించలేం. పదిసార్లు చూసి ఒకసారి గీకడమే పద్ధతి. నారి కూడా వెదురుదే. సన్నటి పేడు తీసి నున్నగా చేసి, రెండు కొసలకూ అడ్డతీగ నారతో ఉచ్చులు కట్టాలి. చివర ఇప్పనూనె రాసి నీడన పెట్టాలి. వాడనప్పుడు నారి దించాలి. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా విల్లు మీదకే తిరిగివస్తుంది.

బాణపు పుల్లను నిప్పుసెగ మీద తిప్పుతూ వంకర తీయాలి. ఈకలన్నీ ఒకవైపు రెక్కవే కావాలి, వేరువేరు వైపులవి కడితే ఒకదాని తిప్పుడుకు ఇంకోటి ఎదురు తిరుగుతుంది. ములికి తోకను పుల్లలోకి దించి నారతో చుట్టి లక్కతో బిగించాలి.

ఇక్కడికి వచ్చేసరికి మేనల్లుడు పొట్లం తీశాడు. "తాతా, ఇవి బిగిద్దాం."

తాత ఒక ములికి తీసుకుని బొటనవేలి మీద ఆనించి చూశాడు. తన పదిహేడో ఏట జరిగిన సంగతి చెప్పాడు. అప్పటికి ఈ చట్టం లేదు. పండుగ వేటలో వాళ్ల జట్టుకు దుప్పి ఎదురైంది. ఆయన బాణానికి లక్క సరిగా ఆరలేదు. కొట్టిన దెబ్బకు ములికి లోపల ఉండిపోయింది, పుల్ల ఊడి పడింది. దుప్పి పోయింది. వాళ్ల నాన్న ఆయనను ఇంటికి రానివ్వలేదు. "కొట్టినవాడివి నువ్వు, వెతికేదీ నువ్వే" అన్నాడు. మూడో రోజున వాగు దగ్గర దొరికింది. ఆడది. ఈగలు ముసిరి ఉన్నాయి, ఇంకా ఊపిరి ఉంది.

"ఆకలికి చంపితే అడవి క్షమిస్తుంది అనేవాడు మా అయ్య. సగం చంపి వదిలితే క్షమించదు అనేవాడు" అని తాత ములికి కింద పెట్టాడు. "అప్పుడు ఆ వాగు దగ్గర తెల్లారి చూస్తే అడుగుజాడలు తొక్కిసలాటలా ఉండేవి. మొన్న వెదురుకు పోయినప్పుడు చూశావు కదా, ఎన్ని ఉన్నాయి?"

వాడు మాట్లాడలేదు. ఒక జత మాత్రమే చూశాం. అవీ పాతవి.

నేను చెప్పాల్సింది అప్పటికి ఇరవై ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది. మా బావ ఎడమచేతి చూపుడువేలు వంగదు. పాత విల్లు విరిగి పేడు దిగిందని ఇంట్లో అందరికీ తెలిసిన కథ. మేనల్లుడు పుట్టినప్పటి నుంచీ ఆ కథే విన్నాడు. అది పాత విల్లు కాదు. పదో తరగతి సెలవుల కోసం నేను చేసిన విల్లు. వెదురు వానల్లో కోసింది. పచ్చిగా ఉంటే పొయ్యి మంట మీద తిప్పి తొందరగా ఆర్చాను. పండుగ గురిపందెంలో నాకంటే ముందు బావ దాన్ని లాగాడు. ఫట్‌మని విరిగింది. నెత్తురు చూసి భయపడి "పాతది" అనేశాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఇదంతా అరుగు మీద, వాడి ముందు, బావ ముందు చెప్పాను. గొంతు పట్టేసింది.

బావ వంగని వేలితో చుట్ట బూడిద రాల్చాడు. "తెలుసులేరా బావా. శ్రావణంలో వెదురు కోయడానికి నీతో వచ్చింది నేనే కదా. ఆరలేదని నాకూ తెలుసు. పందెం గెలవాలని లాగాను" అన్నాడు.

చినతాత నవ్వాడు. "విరిగిన చోట చూశాను, లోపల పచ్చి. ఇద్దరిలో ఎవరు చెబుతారా అని చూస్తున్నా" అన్నాడు.

1858లో బుట్టాయగూడెంలో ఉరికొయ్య ఎక్కిన కారుకొండ సుబ్బారెడ్డి గురించి, 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజుతో నడిచిన గాం గంటందొర, మల్లుదొరల గురించి మన పిల్లలకు చెబుతాం. చెప్పాలి. రాజస్థాన్ ఆదివాసీ లింబారాం వెదురు విల్లుతో పెరిగి మూడు ఒలింపిక్స్ ఆడాడనీ చెప్పాలి. దేశంలో ఇప్పటికీ ఇండియన్ రౌండ్ పోటీలు వెదురు విల్లుతోనే 30, 50 మీటర్ల దూరాల్లో జరుగుతాయి. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. అయితే ఉపాధ్యాయులైన మీకు నాదొక మనవి. ఏకలవ్యుడి పేరు మన పిల్లలు చదివే బడుల మీద ఉంది. ఏడాదికి ఒక్క రోజు, ఊళ్లో విల్లు చేయడం వచ్చిన ఒక్క తాతను ఆ బడికి పిలవండి. ఆయన గొప్పలతో పాటు విరిగిన విల్లు కథ కూడా చెబుతాడు. పిల్లలకు ఎక్కువ పనికొచ్చేది అదే.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మేనల్లుడు అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మిగిలిన నాలుగు బద్దల్నీ ఒక్కొక్కటిగా చెవి దగ్గర పెట్టుకుని కత్తి పిడితో కొడుతున్నాడు. మూడోదాని దగ్గర ఆగాడు. మళ్లీ కొట్టాడు. నాకు తేడా ఏమీ వినిపించలేదు. వాడు దాన్ని పక్కన పెట్టి, "లోపల చీలింది మామా" అన్నాడు. చీల్చి చూస్తే నిజమే, వెంట్రుకంత గీత.

పండక్కి ఇంకా పన్నెండు రోజులుంది. నాలుగు విళ్లు తయారయ్యాయి. గురిపందెం బాణాలకు మొద్దు చెక్క మొనలు బిగిస్తున్నాం. ఆరు ములుకుల పొట్లం విత్తనాల బుట్ట పక్కన చూరుకు వేలాడుతోంది. దాన్ని అక్కడ కట్టింది వాడే. కొండకు పోయే రోజు దించుతాడా అని నేను అడగలేదు. ఈసారి పేడనీళ్లు పడితే వాడి పక్కన నేనూ నిలబడతాను.