కాలినడకకు కొలత

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పెద్దలు ఏనాడో చెప్పారు. అది ఏ వేగంతో సాగాలో మాత్రం వారు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వారికి కలుగలేదు. కాలినడక, ఎడ్లబండి, పల్లకి, పడవ, వారెరిగిన సాధనాలన్నీ మనిషి అడుగుకు ఇంచుమించు సమీపంగా నడిచేవే. ఆ ప్రశ్న వేసుకోవలసిన వంతు మనకు వచ్చింది. రాత్రి ముంబయిలో విమానమెక్కినవారు మరునాటికి ఐరోపాలో భోజనం చేయగలరు. పది దినాలలో ఏడెనిమిది దేశాలు చూపి ఇంటికి చేర్చే యాత్రలు నేడు ఎన్నో ఉన్నవి. అట్లా చూచి వచ్చినవారిని నేను ఆక్షేపించను. ఎవరి తీరిక వారిది, ఎవరి కాళ్లు వారివి. కాని ఒక ఊరిని చూడడం వేరు, ఆ ఊరిలో నడవడం వేరు అని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టుకొనే వయస్సు నాకు వచ్చింది. ఇంకా ఆలస్యం చేస్తే అది దాటిపోతుంది కూడా.

నాకు యాభైయారేళ్లు. హిందీలో ఎం.ఏ. చదివి, ముప్ఫై ఏళ్లుగా ఆ భాషకూ తెలుగుకూ మధ్య గ్రంథాలను చేరవేస్తున్నాను. నివాసం సూరత్ నగరంలోని గోడాదరా. వచ్చే ఏప్రిల్ మాసంలో ఒంటరిగా ఐరోపాకు వెళ్లి ఫ్లారెన్స్, వెనిస్, వియన్నా, ప్రాగ్ అనే నాలుగు పాత నగరాలలో కాలినడకన తిరగాలని సంకల్పించాను. డాక్టరుగారు నా కుడి మోకాలిని పరీక్షించి, “నడవండి, మెట్లు మాత్రం తగ్గించండి. మూడేళ్ల తరువాత అడిగితే ఈ అనుమతి ఇస్తానో లేదో చెప్పలేను” అన్నారు. నా ప్రణాళిక ఆ మాటతో మొదలైంది.

మా గోడాదరాను ఎరుగని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి నేతపనిని నమ్ముకొని సూరత్ చేరిన తెలుగు కుటుంబాలు లింబాయత్, పర్వత్ పాటియా, గోడాదరా మొదలైన పేటలలో స్థిరపడినవి. వారిలో పద్మశాలీలు ఎక్కువ. సిరిసిల్లలో వలెనే ఇక్కడ కూడా మరమగ్గాలను సాంచెలంటారు. పన్నెండు గంటల పాళీలో ఒక్కొక్కరు అనేక సాంచెలను కనిపెట్టుకొంటూ, తెగిన పోగును అతుకుతూ, వరుసల మధ్య తిరుగుతూనే ఉంటారు. ఆ అడుగులను ఎవరూ లెక్కించరు.

నా సంకల్పం విని మా పక్కయింటి ఆమె, చీరలకు అంచులు కుట్టి సంసారం గడుపుకొనే ఇల్లాలు, “నడిచేటందుకు గంత దూరం పోవుడెందుకక్కా? మా ఆయన సాంచెల నడుమ దినాం నడుస్తనే ఉంటడు. ఆయనకు టికెటు ఎవరిస్తరు?” అని నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ప్రశ్న మాత్రం ఉన్నది. పొట్ట కొరకు నడిచేవారి మధ్య నివసిస్తూ, నడక కొరకే వేల మైళ్లు పోవడం తగునా? ఈ ప్రశ్నకు నాకు నేనైనా సమాధానం చెప్పుకోకుండా పెట్టె సర్దుకోవడం నాకు మనస్కరించలేదు.

నా మొదటి సమాధానం నా వృత్తికి సంబంధించినది. హిందీ రచయితలలో నిర్మల్ వర్మ 1959లో ప్రాగ్ నగరానికి వెళ్లి, కొన్నేళ్లు అక్కడ ఉండి, చెక్ భాష నేర్చి, కారెల్ చాపెక్ వంటి వారిని హిందీలోకి తెచ్చాడు. ఆయన యాత్రాగ్రంథం “చీడోం పర్ చాందనీ”, ప్రాగ్ నగరమే రంగస్థలంగా గల నవల “వే దిన్”, అజ్ఞేయుని ఐరోపా యాత్రాగ్రంథం “ఏక్ బూంద్ సహసా ఉఛలీ”, నాకు ఐరోపా తెలిసినది ఇటువంటి పుస్తకాల వలన. చదువుతూ, కొన్ని పుటలను తెలుగు చేయబోతూ, ఒక్క మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. ఊరి నడుమ నాలుగు వైపులా భవనాలు నిలిచి, మధ్య రాతిపరుపు పరచిన ఖాళీ స్థలం. ఒక వంక దేవాలయం, ఒక వంక పురమందిరం. సంత జరిగేది అక్కడే, ఊరేగింపు ఆగేది అక్కడే. హిందీవారు దానిని “చౌక్” అని సులువుగా దాటిపోతారు. తెలుగులో ఏమనాలి? కూడలి అంటే దారులు కలిసే చోటు మాత్రమే. అంగడివీధిలో కొనుగోలు తప్ప కూర్చోవడం లేదు. మైదానానికి గోడలు లేవు. రచ్చ అన్న మాట అర్థానికి అన్నింటికన్న దగ్గరిది, కాని అక్కడ వేపచెట్టు నీడ వచ్చి కూర్చుంటుంది. ఏ మాట నప్పుతుందో తేలాలంటే ఆ స్థలం ఎన్ని అడుగుల వెడల్పో, ఈ చివర పిలిస్తే ఆ చివర వినబడుతుందో లేదో తెలియాలి. నిఘంటువు అది చెప్పదు. ఒక స్థలానికి మన భాషలో పేరు పెట్టాలంటే దానిని ఒక్కసారైనా అడ్డంగా నడిచి దాటవలసి ఉంటుంది.

ఈ పనిలో నాకు పూర్వుడొకడు సూరత్ మట్టిలోనే ఉన్నాడు. ఇంగ్లండులో సామర్సెట్ సీమలోని ఆడ్‌కూంబ్ గ్రామవాసి టామస్ కోర్యట్ 1608లో బయలుదేరి, ఫ్రాన్సు మీదుగా వెనిస్ చేరి, స్విట్జర్లాండు, జర్మనీల గుండా మరలివచ్చాడు. అయిదు నెలలలో తాను 1,975 మైళ్లు తిరిగినట్లు లెక్క వ్రాసుకొన్నాడు. అందులో చాలా భాగం కాలినడక. ఇటలీలో జనులు ముళ్లగరిటెతో భోంచేయడం చూచి ఆశ్చర్యపడి తన దేశీయులకు చెప్పాడు. ఇంటికి చేరి, అరిగిన చెప్పులను తన ఊరి దేవాలయంలో వ్రేలాడదీశాడు. 1611లో తన యాత్రను అచ్చువేశాడు. అంతటితో తృప్తిపడక 1612లో మళ్లీ కదిలి, కాన్‌స్టాంటినోపుల్, జెరూసలేము, అలెప్పో, పారశీకం, లాహోరు, ఆగ్రాల మీదుగా 1615లో అజ్మీరు చేరి, జహంగీరు చక్రవర్తికి పారసీలో విన్నపం చేసి నూరు రూపాయలు పొందాడు. అలెప్పో నుండి అక్కడి వరకు తనకైన ఖర్చు మూడు పౌన్లేనని వ్రాశాడు. 1617 డిసెంబరులో సూరత్‌లో మరణించాడు. సువాలి సమీపాన సముద్రతీరంలోని ఒక సమాధిని ఆయనదిగా చెప్పుకొంటారు.

కోర్యట్ తిరిగిన నగరాలను నేటికీ నడిచి చూడవచ్చు. దానికి కారణం ప్రాకారాలు. శత్రుభయం వలన ఊరు గోడ లోపలనే ఒదగవలసి వచ్చింది. ఒదిగిన ఊరు మనిషి అడుగుకు లోబడి ఉన్నది. వియన్నాలో 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞతో కోటగోడలను పడగొట్టారు. ఆ స్థలంలో 1865లో రింగ్ అనే విశాల వీధిని ప్రారంభించారు. ఆ వలయం లోపలి పాత నగరాన్ని ఈ వైపు నుండి ఆ వైపుకు అరగంటలో నడిచి దాటవచ్చు. ఇది చదివినప్పుడు మా ఊరు నాకు కొత్తగా కనిపించింది. మా రింగు రోడ్డు మీద మజూరా గేటు, ఉధనా దర్వాజా, సహారా దర్వాజా అని నిత్యం పలికే పేర్లు పాత సూరత్ వెలుపలి ప్రాకారపు ద్వారాలవి. ద్వారాలు పోయినవి, పేర్లు బస్సు నిలిచే చోట్లుగా మిగిలినవి. ఆ పేర్లకు లోపలి వైపున ఉన్న సూరత్ కూడా ఒకనాడు అడుగుల కొలతతో కట్టిన ఊరే.

ఇక ప్రణాళిక. మొదట నేను పదకొండు నగరాల పేర్లు వ్రాసుకొన్నాను. ప్రణాళిక అంటే చేర్చడం కాదు, తీసివేయడమని క్రమంగా తెలిసింది. రైలు దిగి నడిచి బసకు చేరగలగాలి. ప్రతి ఊరిలోనూ కనీసం నాలుగు రాత్రులుండాలి. వచ్చిన దారినే మరుసటి దినం మళ్లీ నడవడానికి వ్యవధి ఉండాలి. ఈ మూడు నియమాలు పెట్టగానే ఏడు పేర్లు వాటంతటవే రాలిపోయినవి.

ఫ్లారెన్స్‌లో స్టేషను నుండి ప్రధాన దేవాలయానికి పది నిమిషాల నడక. అక్కడి నుండి 1345లో కట్టిన పాత వంతెనకు మరొక పది నిమిషాలు. బ్రూనెల్లెస్కి 1436లో పూర్తిచేసిన గుమ్మటం పైకి 463 మెట్లు. దానిని క్రింది నుండే నమస్కరించి వదలుతాను. వెనిస్‌కు రెండు గంటల రైలు. నూటికి పైగా దీవుల మీద నిలిచిన ఆ ఊరి వీధులలో బండి అన్నదే లేదు. కాలువలలో పడవ, గట్టు మీద కాలు, అంతే. అయితే ప్రతి వంతెనకూ మెట్లున్నవి కాబట్టి అక్కడ దినానికి రెండు పూటలకు బదులు ఒక్క పూట నడక. అక్కడి నుండి వియన్నాకు దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం. ఆ దినం మోకాలికి విశ్రాంతి. ప్రాగ్‌కు మరి నాలుగు గంటలు. అక్కడ అయిదు రాత్రులు. 1357లో పునాది వేసిన చార్లెస్ వంతెన పొడవు 516 మీటర్లు. ఉదయం ఎండ ఎక్కకముందు దానిని దాటడం, సాయంకాలం తిరిగి దాటడం. ఆ ఊరికి నా కార్యక్రమం ఇంతకు మించి లేదు.

కాగితాల పని కూడా నడకలో భాగమే. ఈ మూడు దేశాలూ షెంగెన్ ఒడంబడికలోనివి. ఒకే వీసా చాలు. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి. నా లెక్కలో ఇటలీకి ఎనిమిది వచ్చినవి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి పదిహేను దినాల ముందు వరకు దరఖాస్తు పెట్టవచ్చు. ముప్ఫై వేల యూరోలకు తగ్గని వైద్యబీమా ఉండాలి. చెక్ దేశంలో యూరో కాదు, కొరూనా చెల్లుతుంది. ఇవన్నీ ఒక నోటుబుక్కులో వ్రాసుకొంటున్నప్పుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకువచ్చారు. 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆ మహాశయుడు ఏ మజిలీలో నీరున్నది, ఏ ఊరిలో అంగళ్లున్నవి, ఎక్కడ బస దొరుకుతుంది అని ఓపికగా వ్రాసిపెట్టాడు. ఆయన వెంట పల్లకి, బోయీలు, పెద్ద పరివారం ఉన్నారు. నా వెంట ఏడు కిలోల సంచి, ముందుగానే ఇక్కడ నడిచి పాదానికి అలవాటు చేసుకొన్న బూట్లు ఉంటాయి.

ఒంటరిగా ఎందుకని మా అబ్బాయి అడుగుతాడు. ఇద్దరు నడిచినప్పుడు ఇద్దరిలో ఒకరి నడకే సాగుతుంది, రెండవవారిది అనుసరణ. ఇంతకాలం సంసారంలోనూ వృత్తిలోనూ నాది అనుసరించే నడకే. అనువాదకుడు మూలాన్ని దాటిపోరాదు, వెనుకబడరాదు. అది నాకు ఇష్టమైన క్రమశిక్షణ. కాని పదిహేడు రాత్రులు నా అడుగే మూలంగా ఉండాలని కోరిక. ఇంకొకటి: తోడు ఉంటే మన భాష మనకు చాలు, ఒంటరివారు పరాయి భాషలో నోరు తెరవక తప్పదు. పోతం జానకమ్మగారు ఇంగ్లండు చూచి వచ్చి, తెలుగులో వ్రాసుకొన్నదానిని తానే ఇంగ్లీషు చేసి 1876లో ప్రకటించారు. సముద్రం దాటిన తెలుగు స్త్రీ, పైగా అనువాదకురాలు! నాకంటె నూటయాభై ఏళ్ల ముందే ఆ పని జరిగింది కాబట్టి నాది సాహసమని ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాధన చేస్తున్నాను. సహారా దర్వాజా వరకు బస్సు. అక్కడి నుండి నడక. తాపీ ఒడ్డున పదహారవ శతాబ్దపు కోట. 1644లో బాటసారుల కొరకు కట్టగా నేడు నగరపాలక కార్యాలయమై ఉన్న మొగల్ సరాయి. కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఇంగ్లీషు, డచ్చి వర్తకుల శ్మశానాలు. మొన్న ఆదివారం పక్కయింటి ఆమెను కూడా రమ్మన్నాను. మొదట తటపటాయించి, అంచుల మూట పక్కన పెట్టి వచ్చింది. 1669లో మరణించిన జార్జి ఆక్సెండెన్ సమాధిని, 1691లో గతించిన డచ్చి ప్రభువు వాన్ రీడ్ సమాధిని ఆమెకు చూపించాను. మన చీరల గుమ్మటాలంత రంగు లేకపోయినా ఎత్తుకు తక్కువ లేనివి.

“వీళ్లంత ఏం పనికి వచ్చిండ్రక్కా?”

“బట్టల బేరానికి.”

“మనలెక్కనే” అన్నది. తరువాత కోర్యట్ కథ చెప్పాను. ఆమె కొంతసేపు ఆలోచించి, “గంతమందిల ఊరికె చూసి పోదామని వచ్చినోడు ఒక్కడన్న ఉండె గద. మనదిక్కు నుంచి గూడ ఒక్కరు పోవాలె” అన్నది.

తిరుగుదారిలో బస్సు కొరకు నిలబడినప్పుడు ఆమె తన అడుగులతో ఆ కూడలిని ఈ చివర నుండి ఆ చివరకు కొలిచి, లెక్క నాకు చెప్పింది. ఆ అంకెను నోటుబుక్కులో మొదటి పుటలో వ్రాసుకొన్నాను. ప్రాగ్‌లో కొలిచే లెక్కకు దాని పక్కన చోటు విడిచిపెట్టాను.